ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు జర్మనీ వెళ్తున్నారా? గది ఇలా వెతుక్కోండి

ప్రవేశ లేఖ చేతికి అందగానే దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఉండేది ఆరు నెలలే కదా, ఇంత తక్కువ కాలానికి నాకు గది ఎవరిస్తారు?" ఆ భయంతో కొందరు ఏడాదికి ఒప్పందం రాసేస్తున్నారు. కొందరు కనిపించిన మొదటి ప్రకటనకే డబ్బు పంపేస్తున్నారు. ఆ రెండూ అవసరం లేదు. మీరు జర్మనీలో అడుగుపెట్టే రోజుల్లోనే అక్కడి విద్యార్థులు వేల మంది తమ సెమిస్టర్ కోసం ఇంకో దేశానికో, ఇంటర్న్‌షిప్ కోసం ఇంకో ఊరికో బయలుదేరుతారు. వాళ్ల గది ఆ ఆరు నెలలూ ఖాళీ, అద్దె మాత్రం ఆగదు. సరిగ్గా ఆ తేదీకి వచ్చి, సరిగ్గా ఆ తేదీకి ఖాళీ చేసే మనిషి కోసం వాళ్లు వెతుకుతుంటారు. ఏడాదికో రెండేళ్లకో వచ్చేవారు ఆ గదిలో ఇమడరు, మీరు ఇముడుతారు. తక్కువ కాలం ఉండటం మీకు ఎంత అనుకూలమో తెలిస్తే వెతికే పద్ధతే మారిపోతుంది.

ఒకటి లేదా రెండు సెమిస్టర్ల కోసం వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పూర్తి డిగ్రీకి వెళ్లేవారికి ఒప్పందం, రిజిస్ట్రేషన్ గురించిన భాగాలు పనికొస్తాయి. వెతికే తీరు మాత్రం వారికి వేరు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రవేశ లేఖ. అందులో సెమిస్టర్ మొదలు, ముగింపు తేదీలు ఉండాలి. లేకపోతే విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విభాగాన్ని అడిగి రాయించుకోండి.
- ఖర్చులకు డబ్బు ఉందని చూపే పత్రం. స్కాలర్‌షిప్ లేఖ కావచ్చు, బ్లాక్డ్ ఖాతా (ముందే డబ్బు వేసి, నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ధ్రువీకరణ కావచ్చు. వీసా కోసం ఏడాదికి చూపాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు, అంటే నెలకు 992.
- విడిగా, వెంటనే చేతికందే డబ్బు: మొదటి నెల అద్దె, డిపాజిట్, మొదటి కొన్ని రాత్రుల బసకు సరిపడా. బ్లాక్డ్ ఖాతా డబ్బు మీరు అక్కడికి చేరి, ఖాతా పని చేయించుకున్న తర్వాతే నెలనెలా విడుదలవుతుంది. ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఖాతాలో వేల యూరోలు ఉంటాయి, తాళంచెవి ఇచ్చే రోజున డిపాజిట్ కట్టడానికి చేతిలో ఏమీ ఉండదు.
- మీ గురించి జర్మన్‌లో ఐదారు వాక్యాలు. భాష రాకపోతే తెలిసినవారితో రాయించుకోండి. కింద ఇంగ్లీషులో కూడా రాయండి.
- పాస్‌పోర్టు స్కాన్. మీ కంప్యూటర్‌లో ఉంచుకోండి, అడిగిన ప్రతివారికీ పంపకండి. తప్పనిసరిగా పంపాల్సి వస్తే నంబరు కనబడకుండా మూసి, ఏ పని కోసం ఏ తేదీన ఇస్తున్నారో దాని మీద అడ్డంగా రాసి పంపండి.

1. తేదీలు ఖాయం చేసుకోండి

జర్మన్ విశ్వవిద్యాలయాల్లో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా. ఇవి కాగితం మీది తేదీలు. పాఠాలు సాధారణంగా అక్టోబరు మధ్యలో, ఏప్రిల్ మధ్యలో మొదలవుతాయి. హోహ్‌షూలె అని పిలిచే అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లో చాలావరకు అన్నీ ఒక నెల ముందుంటాయి. మీది ఏ రకమో చూసుకోండి.

మూడు తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి: కొత్తవారి పరిచయ కార్యక్రమం ఎప్పుడు, చివరి పరీక్ష ఎప్పుడు, సెమిస్టర్ అధికారికంగా ముగిసేది ఎప్పుడు. ఫిబ్రవరిలో పరీక్షలు అయిపోతే వెళ్లిపోదామనుకుంటారు. హాస్టల్ ఒప్పందం మార్చి 31 దాకా ఉంటే అద్దె కూడా అప్పటిదాకా కట్టాల్సిందే. ఆ నెలన్నర అద్దెను మొదటి రోజే లెక్కలో వేసుకోండి.

2. హాస్టల్‌కు ఇవాళే దరఖాస్తు పెట్టండి

విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందంటే హాస్టల్ కూడా వచ్చినట్టే అనుకునేవారు చాలామంది. జర్మనీలో అలా కాదు. విద్యార్థి హాస్టళ్లను ఎక్కువగా నడిపేది ష్టుడీరెండెన్‌వెర్క్ అనే లాభాపేక్ష లేని ప్రభుత్వరంగ సంస్థ. దేశమంతటా కలిపి ఇవి 57 ఉన్నాయి. విశ్వవిద్యాలయ క్యాంటీన్లు కూడా వీరివే. అడ్మిషన్ దరఖాస్తు వేరు, హాస్టల్ దరఖాస్తు వేరు.

ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు ఇక్కడ రెండు దారులు. మొదటిది, అంతర్జాతీయ విభాగం తమ దగ్గర కొన్ని గదులు పక్కన పెట్టుకునే దారి. ఎక్స్ఛేంజ్ దరఖాస్తు ఫారంలోనే "నివాసం కావాలా" అని ఒక గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయకుండా వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇప్పటికే వదిలేశారనుకుంటే ఇవాళే వారికి ఈమెయిల్ రాయండి, గడువు దాటకపోతే చేరుస్తారు. రెండోది, మీ ఊరి ష్టుడీరెండెన్‌వెర్క్ వెబ్‌సైట్‌లో నేరుగా పెట్టుకునే దరఖాస్తు. మొదటి దారిలో గది ఖాయమైతేనే రెండోదాన్ని ఆపండి.

నేరుగా పెట్టే దరఖాస్తులో ఒకే హాస్టల్ ఎంచుకోవద్దు. నగరం మధ్యలో ఉన్న హాస్టల్ కోసమే అందరూ క్యూలో ఉంటారు. ట్రామ్‌లో ఇరవై నిమిషాల దూరంలో ఉన్నదాన్ని కూడా ఎంచుకుంటే మీ వంతు ముందే వస్తుంది. గది రకంలోనూ పట్టు వద్దు. సొంత వంటగది ఉన్న ఒంటరి గదులు తక్కువ, కారిడార్ అంతటికీ ఒకే వంటగది ఉన్న గదులు ఎక్కువ, అద్దె కూడా తక్కువే.

దరఖాస్తు పెట్టాక ఈమెయిల్ రోజూ చూడండి, స్పామ్ ఫోల్డర్‌తో సహా. గది ఇస్తున్నామని వచ్చే ఈమెయిల్‌కు జవాబు ఇవ్వడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది. కొన్ని చోట్ల వెయిటింగ్ లిస్టులో కొనసాగుతున్నామని మధ్యమధ్యలో మళ్లీ తెలపాలి, లేకపోతే పేరు తీసేస్తారు.

ఇవి కాక చర్చి సంస్థలు నడిపే విద్యార్థి హాస్టళ్లు చాలా నగరాల్లో ఉన్నాయి. చాలావాటిలో ఏ మతం వారికైనా గది ఇస్తారు. వీటిని చాలామంది పట్టించుకోరు కాబట్టి పోటీ కాస్త తక్కువ. ఒక ఈమెయిల్ రాసి చూడండి.

3. హాస్టల్ జవాబు కోసం ఆగకుండా తాత్కాలిక గదులు చూడండి

మొదట్లో చెప్పిన ఖాళీ గదులు దొరికేది ఇక్కడ. గది అసలు అద్దెదారు కొన్ని నెలలు లేనప్పుడు ఇంకొకరికి ఇవ్వడాన్ని త్స్విషెన్‌మీటె అంటారు. నలుగురు కలిసి ఒక ఇల్లు పంచుకుంటే అది వేగే. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు, సగం ప్రకటనలు అర్థమవుతాయి. వేగే-గెజూఖ్ట్ వెబ్‌సైట్ ఇందుకు అందరూ వాడేది. క్లైన్‌అన్‌త్సైగెన్ అనే చిన్న ప్రకటనల వెబ్‌సైట్‌లో కూడా దొరుకుతాయి. మీ విశ్వవిద్యాలయ విద్యార్థి బృందాలు, మీకు సాయంగా కేటాయించే స్థానిక విద్యార్థి, అంటే "బడ్డీ", కూడా మంచి దారులే.

అక్టోబరుకు కావాలంటే జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా, ఏప్రిల్‌కు కావాలంటే జనవరి చివరి నుంచి మార్చి దాకా ప్రకటనలు ఎక్కువగా వస్తాయి. అంతకన్నా ఆరు నెలల ముందు వెతికి ఏమీ దొరకలేదని దిగులు పడకండి. అప్పటికి ఆ విద్యార్థులకే తమ ప్రయాణం ఖాయమై ఉండదు.

వెతికేటప్పుడు ఇవి గమనించండి:

- తేదీల దగ్గర మొదలు, ముగింపు రెండూ నింపండి. "నిర్ణీత కాలానికి" అనే అర్థమిచ్చే బెఫ్రిస్టెట్ ప్రకటనలనే చూడండి.
- మ్యోబ్లీర్ట్ అంటే ఫర్నిచర్‌తో. ఆ మాట లేని గదికి వెళ్తే మంచం కూడా ఉండకపోవచ్చు. జర్మనీలో మొత్తం ఇల్లు అద్దెకు తీసుకుంటే వంటగది అల్మారాలు, పొయ్యి, సింకు లేకుండా ఇవ్వడం మామూలే. ఆరు నెలలకు అది మీకు పనికిరాదు.
- "రెండు గదుల ఇల్లు" అంటే రెండు పడకగదులు కాదు. వంటగది, బాత్‌రూమ్ కాకుండా మిగిలిన గదులన్నీ లెక్కే. అందులో ఒకటి హాలు కావచ్చు.
- అద్దె రెండు రకాలుగా రాస్తారు. కాల్ట్‌మీటె అంటే గది అద్దె మాత్రమే, వార్మ్‌మీటె అంటే హీటింగ్, నీళ్లు, చెత్త వంటి ఖర్చులతో కలిపి. ప్రకటనలను పోల్చేటప్పుడు ఎప్పుడూ రెండోదే చూడండి. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయా అని మళ్లీ విడిగా అడగండి.

ఊరిని బట్టి ఖర్చు చాలా మారుతుంది. 2024-25 శీతాకాల సెమిస్టర్‌లో వేగే గదికి దేశ సగటు సుమారు 490 యూరోలు ఉంటే మ్యూనిక్‌లో సుమారు 790 ఉండేది. కెమ్నిట్స్, మాగ్డెబుర్గ్, హల్లె వంటి తూర్పు నగరాల్లో సగటు కన్నా బాగా తక్కువ. మీ ఊరి సగటు తెలుసుకోవడం ఖర్చుల లెక్కకే కాదు, మోసాన్ని పసిగట్టడానికి కూడా అవసరం.

4. చదవాలనిపించేలా సందేశం రాయండి

ఒక మంచి గదికి ఒకే రోజులో డజన్ల కొద్దీ సందేశాలు వస్తాయి. "ఈ గది ఇంకా ఖాళీగా ఉందా?" అని ఒక్క వాక్యం పంపితే జవాబు రాదు. మొదటి రెండు వాక్యాల్లోనే మీ తేదీలు ఉండాలి. ఇలా:

"హలో. మీ గది అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు, మీరు రాసిన మొత్తం కాలానికి, నాకు కావాలి. ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ మీద మీ విశ్వవిద్యాలయంలోనే మెకానికల్ ఇంజినీరింగ్ చదవబోతున్నాను. ప్రవేశ లేఖ, ఖర్చులకు డబ్బు ఉన్నట్టు ఆధారం ఉన్నాయి. సిగరెట్ తాగను. వంటగది కిటికీలో మొక్కలు ఫోటోలో చూశాను, మీరు లేనప్పుడు వాటికి నీళ్లు పోస్తాను. ఈ వారం ఏ రోజైనా సాయంత్రం ఆరు తర్వాత, జర్మనీ సమయం ప్రకారం, వీడియో కాల్‌లో మాట్లాడగలను."

ఇది చదివినవారికి మూడు సంగతులు తెలిసిపోతాయి: తేదీల బేరం లేదు, అద్దె కట్టగలరు, ప్రకటనను పూర్తిగా చదివారు. చివరిది చిన్న విషయం కాదు. పూర్తిగా చదివినవారిని గుర్తుపట్టడానికి కొందరు ప్రకటన మధ్యలో ఒక మాట దాచి, "జవాబులో ఈ మాట రాయండి" అని పెడతారు. అనువాద యాప్‌లో వేసి అయినా చివరి వాక్యం దాకా చదవండి. ఒకే సందేశాన్ని యాభై మందికి కాపీ చేసి పంపడం కన్నా పది మందికి పది రకాలుగా రాయడం మంచిది.

5. డబ్బు మాట ఎత్తకముందే గదిని, మనిషిని పరీక్షించండి

ఈ అడుగును మాత్రం దాటవేయకండి. దేశం బయటి నుంచి వెతికేవారే మోసగాళ్ల గురి, ఎందుకంటే మీరు వచ్చి చూడలేరని వారికి తెలుసు. వారి కథ దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. యజమాని ఉద్యోగరీత్యా వేరే దేశంలో ఉంటాడు. ఇల్లు నగరం నడిబొడ్డున, ఫోటోలు హోటల్ గదిలా, అద్దె సగటులో సగం. చూపించడానికి అక్కడ ఎవరూ లేరు, డిపాజిట్ పంపితే తాళంచెవి కొరియర్‌లో వస్తుంది. మీకు నమ్మకం కలగడానికి తన పాస్‌పోర్టు ఫోటో కూడా పంపుతాడు. ఆ పాస్‌పోర్టు ఇంతకు ముందు మోసపోయిన ఎవరిదో అయ్యుంటుంది. ఇంకో రకంలో, పేరున్న బస వెబ్‌సైట్‌లాగే కనిపించే నకిలీ పేజీ లింకు పంపి అక్కడ కట్టమంటారు.

ఇలా పరీక్షించండి:

ప్రకటనలోని ఫోటోలను గూగుల్ ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. అవే ఫోటోలు వేరే ఊరి ప్రకటనలో కనిపిస్తే అక్కడితో వదిలేయండి.

వీడియో కాల్ అడగండి, రికార్డు చేసిన వీడియో వద్దు. కాల్‌లో గది మాత్రమే చూస్తే చాలదు. వీధి తలుపు దగ్గరికి వెళ్లి కాలింగ్ బెల్ బోర్డు చూపించమనండి. జర్మనీలో ఇళ్లకు సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు, బెల్ పక్కన ఇంటిపేర్లు ఉంటాయి. మీతో మాట్లాడుతున్నవారి ఇంటిపేరు ఆ బోర్డు మీద ఉండాలి. తర్వాత గది కిటికీలోంచి బయటికి చూపించమని, కనిపించిన వీధిని మ్యాప్‌లోని వీధి చిత్రంతో పోల్చండి. నిజంగా గది ఉన్నవారికి ఇదంతా ఐదు నిమిషాల పని, విసుక్కోరు.

స్థానికంగా మీ బడ్డీనో, అంతర్జాతీయ విభాగం పరిచయం చేసిన విద్యార్థినో ఒకసారి వెళ్లి చూడమని అడగడానికి మొహమాటపడకండి. ఒక మనిషి కళ్లతో చూసి వచ్చాక మిగతా అనుమానాలు చాలావరకు తీరిపోతాయి.

తర్వాత రెండు ప్రశ్నలు వేయండి. మొదటిది: "ఈ చిరునామాలో నేను అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?" అంటే ఊరి కార్యాలయంలో నివాసం నమోదు చేసుకోవడం. కుదరదంటే ఆ గది ఎంత బాగున్నా వద్దు. ఎందుకో తొమ్మిదో అడుగులో చెబుతాను. రెండోది: "నాకు అద్దెకు ఇవ్వడానికి మీ ఇంటి యజమాని అనుమతి ఉందా?" అనుమతి లేకుండా గదిని ఇంకొకరికి ఇస్తే యజమాని అసలు అద్దెదారు ఒప్పందాన్నే రద్దు చేసే పరిస్థితి రావచ్చు, అప్పుడు సెమిస్టర్ మధ్యలో మీరు వీధిన పడతారు. అనుమతి ఈమెయిల్‌ను చూపించమనండి.

6. ఒప్పందాన్ని వాక్యం వాక్యం చదవండి

జర్మన్‌లో ఉంటే అనువదించుకుని చదవండి. అర్థం కాని వాక్యం కింద గీత గీసి అడగండి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘం ఆస్టా ఉచితంగా న్యాయ సలహా ఇస్తుంది, ఒప్పందం చూపిస్తే చదివి చెబుతారు. ముఖ్యంగా చూడాల్సినవి:

ముగింపు తేదీ. నిర్ణీత కాలపు ఒప్పందం ఆ రోజుతో దానంతట అదే ముగుస్తుంది, మధ్యలో వదిలేయడం మాత్రం మామూలుగా కుదరదు. ముగింపు తేదీ లేని ఒప్పందమైతే మూడు నెలల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆరు నెలలకు వెళ్లే మీరు చేరిన మూడు నెలలకే నోటీసు ఇవ్వాలన్నమాట.

డిపాజిట్. కౌట్సియోన్ అంటారు. చట్టం ప్రకారం కాల్ట్‌మీటెకు మూడు రెట్లు మించకూడదు. దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది, మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు కట్టాలి. వేగే గదికి ఆరు నెలల అద్దె డిపాజిట్ అడిగారంటే ఆ మనిషికి చట్టం తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు.

నేబెన్‌కోస్టెన్, అంటే హీటింగ్ తదితర అదనపు ఖర్చులు. ఇవి పౌషాలె అని రాసి ఉంటే నెలకు కట్టే మొత్తంతో సరి. ఫోరౌస్‌త్సాలుంగ్ అని ఉంటే అది ముందస్తు చెల్లింపు మాత్రమే, వాడకాన్ని లెక్కగట్టి మిగతాది తర్వాత వసూలు చేస్తారు. ఆ లెక్క పంపడానికి యజమానికి లెక్కల సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల గడువు ఉంటుంది. అప్పటికి మీరు దేశంలోనే ఉండరు, ఆ లెక్క తేలేదాకా డిపాజిట్‌లో కొంత ఆపి ఉంచుతారు. కాబట్టి పౌషాలె రాయమని అడగండి. తాత్కాలిక గదులకు చాలామంది ఒప్పుకుంటారు.

ఏజెంటు రుసుము. 2015 నుంచి ఉన్న నియమం ప్రకారం ఏజెంటును పెట్టుకున్నవారే రుసుము కట్టాలి. యజమాని పెట్టుకున్న ఏజెంటు మీ దగ్గర వసూలు చేయకూడదు.

షూఫా అనే రుణ చరిత్ర పత్రం అడిగితే కంగారుపడకండి. కొత్తగా వచ్చినవారికి అందులో ఏమీ ఉండదు. దాని బదులు స్కాలర్‌షిప్ లేఖ, బ్లాక్డ్ ఖాతా పత్రం ఇవ్వండి.

7. డబ్బు పంపడం

వరుస ఇది: పరీక్ష, ఇద్దరి సంతకాలతో ఒప్పందం, ఆ తర్వాత డబ్బు. పంపేది బ్యాంకు ఖాతాకే. ఖాతా పేరు, ఒప్పందంలో సంతకం చేసినవారి పేరు ఒకటే అయి ఉండాలి. నగదు బదిలీ కౌంటర్ల ద్వారా, గిఫ్ట్ కార్డుల ద్వారా, క్రిప్టోలో పంపమంటే అక్కడితో ఆపేయండి. "ఈ రాత్రికే పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను" అనే తొందర కూడా ప్రమాద సూచనే.

కుదిరితే తాళంచెవి తీసుకునే రోజే డిపాజిట్ ఇస్తానని అడగండి. బ్యాంకు బదిలీలో "కౌట్సియోన్", గది చిరునామా, మీ పేరు రాయండి. తిరిగి అడిగే రోజున అదే మీ రసీదు. త్స్విషెన్‌మీటెలో డిపాజిట్ మీరు ఇచ్చేది అసలు అద్దెదారుకు, తిరిగి ఇవ్వాల్సింది కూడా ఆ వ్యక్తే. ఇంటి యజమానిని అడిగితే లాభం ఉండదు.

8. చేరిన రోజు

విమాన టికెట్ కొనేముందే తాళంచెవి ఎవరు, ఎప్పుడు ఇస్తారో కనుక్కోండి. హాస్టళ్లలో హౌస్‌మైస్టర్ అనే భవన సంరక్షకుడు ఇస్తాడు, అది కూడా పనిదినాల్లో, తరచుగా ఉదయం కొన్ని గంటలే. శుక్రవారం సాయంత్రం దిగితే సోమవారం దాకా గది చేతికి రాదు. అక్టోబరు 3 జాతీయ సెలవు. సెమిస్టర్ మొదలయ్యే వారంలోనే అది వస్తుందని చాలామంది మర్చిపోతారు. వారం మధ్యలో, ఉదయం దిగేలా చూసుకోండి. కుదరకపోతే మధ్య రాత్రులకు యూత్ హాస్టల్‌లో ముందే బుక్ చేసుకోండి.

గదిలో సామాను పెట్టకముందే ఊబర్‌గాబెప్రోటోకోల్ రాయించండి. గది ఏ స్థితిలో అప్పగించారో రాసి ఇద్దరూ సంతకం చేసే కాగితం అది. గోడ మీద గీతలు, పరుపు మీద మరకలు, కిటికీ అంచుల్లో బూజు, విరిగిన అల్మారా పిడి, ఎన్ని తాళంచెవులు ఇచ్చారు, మీటర్లు ఉంటే వాటి రీడింగులు అన్నీ రాయండి. ప్రతిదాన్నీ ఫోటో తీసి, అదే రోజు గది ఇచ్చినవారికి ఈమెయిల్‌లో పంపండి. తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. అప్పుడు ఎవరూ అడగరు గానీ ఖాళీ చేసే రోజున మీ డిపాజిట్‌ను కాపాడేవి ఆ ఫోటోలే.

తర్వాత మీ ఇంటిపేరును ఒక చీటీ మీద రాసి తపాలా పెట్టె మీద, బెల్ పక్కన అంటించండి. ఫ్లాట్ నంబరు లేని చోట పోస్ట్‌మ్యాన్ చూసేది పేరు ఒక్కటే. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి వెళ్తుంది. బ్యాంకు పిన్, ఆరోగ్య బీమా పత్రాలు, వీసా కార్యాలయం ఉత్తరాలు అన్నీ తపాలాలోనే వస్తాయి. పని చేస్తోందో లేదో తెలియాలంటే మీకు మీరే ఒక పోస్ట్‌కార్డు పంపుకోండి.

తాళంచెవి పోగొట్టుకోకండి. పెద్ద భవనాల్లో అన్ని తలుపులకూ కలిపి ఒకే తాళాల వ్యవస్థ ఉంటుంది, ఒక చెవి పోతే మొత్తం మార్చాల్సి రావచ్చు. వ్యక్తిగత బాధ్యత బీమా చవకగా దొరుకుతుంది. అద్దె ఇంటి తాళంచెవి నష్టం అందులో ఉందో లేదో చూసి తీసుకోండి.

9. రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్

గదిలో చేరిన రెండు వారాల్లోగా బ్యూర్గర్‌ఆమ్ట్ అనే పౌరసేవా కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టు, ఫారంతో పాటు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ కావాలి. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ఇక్కడ చేరారని గది ఇచ్చినవారు సంతకం చేసే ఒక పేజీ కాగితం ఇది. అద్దె ఒప్పందం దీనికి బదులుగా చెల్లదు. త్స్విషెన్‌మీటెలో దీన్ని అసలు అద్దెదారే సంతకం చేసి ఇవ్వవచ్చు, కానీ వాళ్లు విమానం ఎక్కేలోపే తీసుకోండి.

నివాస అనుమతి పొడిగింపు నుంచి పన్ను గుర్తింపు సంఖ్య దాకా చాలా పనులు ఈ నమోదు మీదే ఆధారపడతాయి. అందుకే నమోదు కుదరని గది వద్దన్నాను. డబ్బు తీసుకుని చిరునామా మాత్రం ఇస్తామనేవారు కూడా ఎదురవుతారు. నివసించని చోట నమోదుకు తప్పుడు ధ్రువీకరణ ఇస్తే జరిమానా 50,000 యూరోల దాకా ఉండవచ్చు. ఆ బేరం జోలికి వెళ్లకండి.

పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టవచ్చు. గది ఖాయం కాగానే, బయలుదేరకముందే, ఆన్‌లైన్‌లో బుక్ చేయండి. గడువు దాటాకే దొరికితే, గడువులోపే బుక్ చేసుకున్నట్టు చూపే ఈమెయిల్ దాచుకోండి.

నమోదయ్యాక ప్రసార రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. టీవీ లేకపోయినా ఇది తప్పదు: ఇంటికి నెలకు 18.36 యూరోలు. దాన్ని మోసం అనుకుని పారేయకండి. వేగేలో ఇల్లంతటికీ ఒకరు కడితే చాలు, వారి ప్రసార రుసుము ఖాతా నంబరు అడిగి జవాబు రాయండి. హాస్టల్‌లో మీ గది తలుపు అందరూ నడిచే కారిడార్‌లోకి తెరుచుకుంటే ఆ గదే ఒక ఇల్లుగా లెక్క, రుసుము మీరే కట్టాలి.

బయలుదేరే వారం దాకా ఏమీ దొరకకపోతే

ప్రయాణం మానుకోవాల్సిన పని లేదు. అంతర్జాతీయ విభాగానికి "నాకు ఇంకా గది లేదు" అని సూటిగా రాయండి. సెమిస్టర్ మొదట్లో కొన్ని నగరాల్లో ష్టుడీరెండెన్‌వెర్క్ అత్యవసర బస ఏర్పాటు చేస్తుంది. వెయిటింగ్ లిస్టులో మీ ముందున్నవారు రాకపోవడంతో గదులు ఖాళీ అయ్యేది కూడా ఆ మొదటి వారాల్లోనే. ఒక నెలకు మాత్రం త్స్విషెన్‌మీటె తీసుకుని, అక్కడ ఉండి వెతకండి. ఊళ్లో ఉండి నేరుగా వెళ్లి కలిసేవారికి గది దొరకడం చాలా సులువు.

పక్క ఊరు కూడా చూడండి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి టికెట్‌తో ప్రాంతీయ రైళ్లు ఎక్కవచ్చు, అరగంట ప్రయాణంతో అద్దె బాగా తగ్గుతుంది. వృద్ధుల ఇంట్లో ఉంటూ పనుల్లో సాయం చేసే వోనెన్ ఫ్యూర్ హిల్ఫె అనే పథకం కూడా చాలా నగరాల్లో ఉంది. గది ప్రతి చదరపు మీటరుకు నెలకు ఒక గంట సాయం అన్నది దాని లెక్క. అద్దె ఉండదు, నీళ్లు, హీటింగ్ వంటి ఖర్చులు మాత్రం కట్టాలి. జర్మన్ కొంచెం మాట్లాడగలిగితే ఇది చాలా మంచి ఏర్పాటు.

10. ఖాళీ చేసేటప్పుడు

వెళ్లడానికి నెల ముందే గది ఇచ్చినవారితో అప్పగింత తేదీ, గంట ఖాయం చేసుకోండి. చలికాలమంతా కిటికీలు మూసి ఉంచితే గోడలకు బూజు పడుతుంది, దాని ఖర్చు డిపాజిట్‌లో కోస్తారు. రోజుకు రెండు మూడుసార్లు ఐదారు నిమిషాలు కిటికీలు బార్లా తెరవడం ఉన్నన్నాళ్లూ చేయాల్సిన పని. అప్పగింత రోజున మొదటి ప్రోటోకోల్‌ను, ఫోటోలను పక్కన పెట్టుకుని గది అంతా కలిసి చూడండి, కొత్త ప్రోటోకోల్ మీద సంతకాలు చేయించండి.

దేశం విడిచి వెళ్తున్నారు కాబట్టి నమోదు రద్దు కూడా చేయించాలి. వెళ్లడానికి ఒక వారం ముందు నుంచి, వెళ్లాక రెండు వారాల లోపు చేయవచ్చు. ఆ ధ్రువపత్రం జతచేసి ప్రసార రుసుము ఖాతాను విడిగా మూయించండి. ఒకటి రద్దయితే రెండోది దానంతట అదే ఆగదు.

డిపాజిట్ అదే రోజు చేతికి రాకపోవచ్చు, లెక్కలు చూడటానికి కొన్ని నెలలు పట్టడం మామూలే. ఏ ఖాతాకు, ఏ తేదీలోగా పంపుతారో ప్రోటోకోల్‌లోనే రాయించండి. జర్మన్ బ్యాంకు ఖాతాను ఆ డబ్బు వచ్చేదాకా మూయకండి.